కారు, ఎక్స్‌రే కాకుండా మనం రోజూ వాడే జర్మన్ ఆవిష్కరణలు ఏమున్నాయి?

"కారు, ఎక్స్‌రే, అచ్చుయంత్రం అందరికీ తెలిసినవే. అవి కాకుండా జర్మన్లు కనిపెట్టినవి మన ఇళ్ళలో, పొలాల్లో ఏమున్నాయి? వాడేటప్పుడు తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగారు.

చాలానే ఉన్నాయి. చేలో చల్లే యూరియా, కాలవ గట్టున ఆయిల్ ఇంజను, గోడకి ఫ్యాను బిగించే ప్లాస్టిక్ ప్లగ్గు, జెరాక్సు షాపులో ఏ4 కాగితం, టీ ఫ్లాస్కు, గుండె జబ్బున్నవాళ్ళు వేసుకునే ఆస్పిరిన్ బిళ్ళ, అన్నీ ఆ ఖాతాలోవే. ఇలాంటి ప్రశ్నలకి వచ్చే జవాబుల్లో మామూలుగా ఒక పేరు, ఒక సంవత్సరం ఉంటాయి, అంతే. నా లెక్కలో అది సగం కూడా కాదు. ప్రయోగశాల బల్ల మీద పనిచేసిన ఆలోచన ఊళ్ళో కొట్లో సరుకుగా దొరకాలంటే మధ్యలో ఏళ్ళ తరబడి చాకిరీ ఉంటుంది. జర్మన్ల గొప్పతనం ఎక్కువగా ఆ చాకిరీలోనే ఉంది. వాడకంలో మనకొచ్చే తిప్పలు కూడా చాలావరకు అక్కడ వాళ్ళు కుదిర్చిన కొలతల్ని మనం పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి.

నీలిమందు సంగతి చూడండి. అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1880లోనే నీలిని ప్రయోగశాలలో తయారు చేశాడు, 1883కల్లా దాని అణు నిర్మాణం తేల్చాడు. కానీ ఆ పద్ధతిలో తీసిన నీలి చేలో పండిన నీలికన్నా ఖరీదు. బీఏఎస్‌ఎఫ్ కంపెనీ చవగ్గా చేసి బజారులోకి దించేసరికి 1897 వచ్చింది. నాఫ్తలీన్ నుంచి నీలికి కావాల్సిన మధ్య దశ సరుకు తీసే దగ్గర పని ఆగిపోయి ఉంటే, ఒక థర్మామీటరు పగిలి అందులో పాదరసం పడింది, దాంతో చర్య వేగం అందుకుంది. అలా 17 ఏళ్ళు పట్టింది. మన కడప, నెల్లూరు వైపు నీలి సాగు మీద బతికిన వాళ్ళకి మాత్రం ఆ విజయం పిడుగుపాటే అయింది.

ఇక డీజిల్ ఇంజను. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకి పెట్టాడు, 1893లో వచ్చింది. ఆలోచన చెప్పడానికి తేలిక: గాలిని గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది, ఆ వేడిలోకి ఇంధనం చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో నాలుగేళ్ళు తంటాలు పడ్డాక 1897 ఫిబ్రవరిలో అధికారికంగా పరీక్ష జరిగింది. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాలు దీని దరిదాపుల్లో కూడా లేవు. కాకపోతే ఆ ఇంజను మనిషికన్నా ఎత్తు, టన్నుల బరువు, ఇచ్చింది మాత్రం 20 గుర్రాల లోపు శక్తి. ఇంధనాన్ని చిమ్మడానికి పక్కన విడిగా గాలి కంప్రెసరు కావాల్సి వచ్చేది, దాన్ని లారీ మీద పెట్టే వీలు లేదు. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజను లారీలకి, ట్రాక్టర్లకి, పొలాలకి బాగా పాకింది. అది చూడకుండానే డీజిల్ పోయాడు. 1913 సెప్టెంబరులో ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే ఓడలోంచి మాయమయ్యాడు, తర్వాత శవమై దొరికాడు.

ఆ ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ని నొక్కే ప్లంజరు అనే కడ్డీకీ అది కదిలే బారెల్‌కీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. అందుకే ఆ రెండూ జతగా వస్తాయి. ఒక పంపులో ప్లంజరు తీసి ఇంకో పంపులో వేస్తే పనిచేయదు. డీజిల్‌లో నీళ్ళు, దుమ్ము ఉంటే ముందు చచ్చేది కూడా ఇదే. డబ్బా అడుగున మిగిలే రెండు వేళ్ళ డీజిల్ ట్యాంకులో పోయకండి, మడ్డి అంతా అందులోనే ఉంటుంది.

ఆయిల్ ఇంజన్లలో ఎక్కువగా వచ్చే తిప్ప 'ఎయిర్ పట్టడం'. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గొట్టంలో గాలి చేరుతుంది. గాలి నొక్కుకుపోయే సరుకు కాబట్టి పంపు ఎంత కొట్టినా నాజిల్ (డీజిల్‌ని సిలిండర్లోకి చిమ్మే మొన) తెరుచుకునే ఒత్తిడి రాదు, ఇంజను అంటుకోదు. ట్యాంకు పైన ఉండే ఒంటి సిలిండరు ఇంజనుకి గాలి ఇలా తీయాలి.

ముందు ట్యాంకు సగం పైగా నింపండి. మూతకున్న సన్నటి బెజ్జం మూసుకుపోలేదని చూసుకోండి. అది మూసుకుపోతే డీజిల్ దిగినకొద్దీ ట్యాంకులో గాలి చాలక ధార ఆగిపోతుంది. కాసేపు బాగా నడిచి ఊరికే ఆగిపోయే ఇంజన్లలో ముందు చూడాల్సింది ఇదే, దీన్ని వదిలేసి పంపు విప్పేస్తుంటారు. తర్వాత ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ ఒక చుట్టు వదులు చేయండి. నురగలా వచ్చి, బుడగలు ఆగి, డీజిల్ నిండు ధారగా వచ్చాక బిగించండి. పంపు దగ్గర కూడా అంతే. వరస మాత్రం తప్పకూడదు, ట్యాంకు వైపు నుంచి నాజిల్ వైపుకే వెళ్ళాలి. చివర్లో నాజిల్ దగ్గర గొట్టం నట్టు ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చి, డీకంప్రెషన్ లివరు (సిలిండర్లో ఒత్తిడి వదిలేసేది) ఎత్తి హ్యాండిల్ తిప్పండి. ముందు బుడగలు, తర్వాత తెరలు తెరలుగా డీజిల్ ఎగజిమ్ముతుంది. అప్పుడు నట్టు బిగించి ఇంకో నాలుగు చుట్లు తిప్పితే నాజిల్ లోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వినాలి. చప్పుడు వచ్చిందంటే డీజిల్ తుంపరగా పడుతోందన్నమాట, ఇక లివరు దించితే అంటుకుంటుంది. చప్పుడు రాకపోతే గాలి ఇంకా ఉన్నట్టు, లేదా నాజిల్ సూది ఇరుక్కున్నట్టు. రాగి వాషర్లు ఒకసారి నలిగినవి మళ్ళీ వేస్తే కారుతూనే ఉంటాయి, వాటికయ్యే పది రూపాయల దగ్గర చూసుకోకండి.

నాజిల్ బయటికి తీసి తుంపర ఎలా పడుతోందో చూసేటప్పుడు దానికెదురుగా చెయ్యి పెట్టొద్దు. సుమారు 200 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మం దాటి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు, కానీ లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆపరేషను సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పోవాలి.

పొగ రంగు చూసి సగం రోగం చెప్పొచ్చు. నల్ల పొగ వస్తే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ, ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. తెల్ల పొగ వస్తే డీజిల్ మండకుండానే పోతోంది, అంటే కంప్రెషన్ పడిపోయింది, లేదా టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వెనకబడింది. నీలం పొగ అయితే ఇంజను ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులు అరిగాయి.

ఒక పక్క మాట. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. నిజమే గానీ, అది చదివి వంటనూనె ట్యాంకులో పోసేవాళ్ళు ఉంటారు. నూనె డీజిల్ కన్నా చాలా చిక్కన, తుంపర సరిగా పడదు, నాజిల్ కొనకి, రింగులకి బొగ్గు కడుతుంది. నడుస్తుంది, కొన్నాళ్ళే.

యూరియాకి వద్దాం. పంట భూములున్న ఏ ఊరికైనా ఇంతకన్నా పెద్ద జర్మన్ ఆవిష్కరణ లేదనుకుంటాను. యూరియాని ప్రయోగశాలలో మొదట తయారు చేసింది ఫ్రెడ్రిక్ వోలర్, 1828లో. బస్తాల్లో రావడానికి కావాల్సింది మాత్రం చవకైన అమ్మోనియా. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఫ్రిట్జ్ హాబర్ 1909 జూలైలో కార్ల్స్‌రూహెలో నత్రజని, హైడ్రోజన్ వాయువుల్ని అధిక ఒత్తిడిలో ఆస్మియం అనే లోహం మీదుగా పంపి అమ్మోనియా బొట్లు బొట్లుగా పడేలా చేసి చూపించాడు. పరికరం బల్ల మీద పట్టేంత. ఆస్మియం భూమ్మీద దొరికేదే కాస్తంత.

దీన్ని కర్మాగారంగా మార్చే పని బీఏఎస్‌ఎఫ్‌లో కార్ల్ బాష్ మీద పడింది. అల్విన్ మిటాష్ వేల రకాల ఉత్ప్రేరకాలు (చర్యని వేగం చేసే పదార్థాలు) వేసి చూసి చివరికి ఇనుము దగ్గర ఆగాడు. స్వీడన్ ఇనుప ఖనిజం ఒకటి బాగా పనిచేస్తుంటే ఎందుకని వెతికితే, అందులోని మలినాలే కారణమని తేలింది. అల్యూమినా, పొటాషియం కాస్త కలిపిన ఇనుమే ఇప్పటికీ ప్రధాన ఉత్ప్రేరకం. అసలు గండం ఉక్కు గొట్టాలతో వచ్చింది. కొన్ని రోజులు నడవగానే పగిలిపోయేవి. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది, కార్బన్ పోయిన ఉక్కు పెళుసుబారుతుంది. బాష్ ఏం చేశాడంటే లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప పొర వేశాడు, బయట బలమైన ఉక్కు తొడుగు వేసి దానికి సన్నటి బెజ్జాలు పెట్టించాడు. పొర దాటి వచ్చిన కాస్త హైడ్రోజన్ ఉక్కులోకి ఇంకకుండా ఆ బెజ్జాల్లోంచి బయటికి పోతుంది. బలం కావాల్సిన గొట్టానికి బెజ్జాలు పెట్టమనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. 1913 సెప్టెంబరులో జర్మనీలోని ఓపావ్‌లో ఆ అమ్మోనియా కర్మాగారం మొదలైంది. హాబర్‌కి 1918 నోబెల్, బాష్‌కి 1931 నోబెల్ వచ్చాయి. కర్మాగారం వచ్చిన మరుసటి ఏడే, 1914లో, మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే అమ్మోనియా పేలుడు పదార్థాలకి ముడిసరుకయింది, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ వాయువు వదిలించింది కూడా ఈ హాబరే. ఆయన్ని దేవుణ్ణి చేసే పోస్టులు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అమ్మోనియాకి బొగ్గుపులుసు వాయువు కలిపితే యూరియా. ఆ పద్ధతి బాష్, మైజర్‌లది, 1922 నాటిది. రామగుండంలో 2021లో మొదలైన గ్యాస్ కర్మాగారంలోనూ మూల సూత్రాలు ఈ రెండే.

ఇప్పుడు బస్తా లెక్క. యూరియాలో నత్రజని 46 శాతం, బస్తా 45 కిలోలు, అంటే బస్తాకి 20.7 కిలోల నత్రజని. వరికి ఎకరానికి 40 కిలోల నత్రజని సిఫారసు అనుకుందాం (రకాన్నీ నేలనీ బట్టి మారుతుంది, మీ వ్యవసాయాధికారిని అడగండి). దమ్ములో 50 కిలోల డీఏపీ బస్తా వేస్తే అందులోనే 18 శాతం, అంటే 9 కిలోలు వచ్చేస్తాయి. మిగిలిన 31 కిలోలకి కావాల్సిన యూరియా సుమారు 67 కిలోలు, బస్తాన్నర. చాలామంది డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోరు, అక్కడే అరబస్తా దాకా దండగ అవుతుంది.

మొత్తం ఒకేసారి గుమ్మరించకుండా దమ్ములో కొంత, దుబ్బు చేసేటప్పుడు కొంత, అంకురం ఏర్పడే దశలో కొంత వేయాలి. నిండా నీళ్ళున్న మడిలో చల్లొద్దు. నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక పలచగా నీరు పెట్టాలి. ఎందుకంటే యూరియా నేలలోని ఎంజైము వల్ల మళ్ళీ అమ్మోనియాగా మారుతుంది. నీటిలో ఉండిపోతే ఎండకీ గాలికీ ఆవిరై పోతుంది. బురదలో పడితే మట్టి దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడొచ్చే బస్తాలకి వేపనూనె పూత ఉంటుంది, అది నేలలో నత్రజని మార్పులని నెమ్మది చేస్తుందే గానీ ఈ ఆవిరిని ఆపదు.

ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు. చేను నల్లగా ఏపుగా కనిపిస్తుంది, పక్కవాళ్ళు మెచ్చుకుంటారు, ఆ తర్వాత సుడిదోమ, అగ్గితెగులు, గాలివానకి పడిపోవడం. ఆకు మీద పిచికారీ చేయాలంటే 2 శాతం, లీటరుకి 20 గ్రాములు, సాయంత్రం పూట. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు కొనలు మాడతాయి.

ఇక ఇంటి గోడ. మేకు చుట్టూ గోడలో ఏదో ఒకటి కూరడం ముందే ఉంది, ఇంగ్లండులో జనపనార ప్లగ్గు 1911 నాటికే వచ్చింది. ఆర్థర్ ఫిషర్ 1958లో చేసింది నైలాన్ ప్లగ్గు. స్క్రూ దూరేకొద్దీ రెండుగా విచ్చుకుని పళ్ళతో గోడని పట్టుకుంటుంది, పక్కన రెక్కలు అది గిర్రున తిరగకుండా ఆపుతాయి.

6 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 6 బిట్టే వాడాలి. ప్లగ్గు సుమారు 30 మి.మీ. పొడవైతే బెజ్జం 40 తీయండి, దుమ్ముకి ఆ చోటు కావాలి. బిట్టుకి 40 దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే లోతు తెలుస్తుంది. తర్వాత గాలి పంపుతోనో, గొట్టంతో ఊదో దుమ్ము పూర్తిగా తీసేయాలి. పట్టు జారడానికి సగం కారణం ఈ దుమ్మే. స్క్రూ లావు 4 నుంచి 5 మి.మీ., పొడవు ప్లగ్గు పొడవుకి బిగించే వస్తువు మందం, పైన ఇంకో 5 మి.మీ. కలిపి తీసుకోండి. స్క్రూ కొన ప్లగ్గు చివర దాటితేనే అది పూర్తిగా విచ్చుకుంటుంది. సన్నటి స్క్రూ వేసి, వదులైందని అగ్గిపుల్లలు కూరడం మన దగ్గర మామూలే, దాని మీద గీజరు మాత్రం వేలాడదీయకండి. గోడకి 15, 20 మి.మీ. ప్లాస్టరింగు ఉంటుంది, పొట్టి ప్లగ్గు దానిలోనే ఉండిపోతే ప్లాస్టరుతో సహా ఊడొస్తుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ ఇటుకలు ఉంటున్నాయి. వాటిలో హ్యామర్ మోడ్ ఆపేసి మామూలుగా తిప్పాలి, ప్లగ్గు కూడా వాటికోసం చేసిన పొడవైనది అడగాలి. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా, అడ్డంగా ఉండే గీత మీద ఎక్కడా డ్రిల్లు పెట్టొద్దు, వైరు అక్కడే పోతుంది.

ఏ4 కాగితం వెనక కథ ఇంకా పాతది. పొడవుని వెడల్పుతో భాగిస్తే 1.414 వచ్చే కాగితాన్ని సగానికి మడిస్తే మళ్ళీ అదే నిష్పత్తి వస్తుందని గోటింగెన్ ప్రొఫెసర్ లిక్టెన్‌బర్గ్ 1786లో ఒక ఉత్తరంలో రాశాడు. వాల్టర్ పోర్స్ట్‌మన్ దాన్ని ప్రమాణంగా రూపొందించి, జర్మనీ డిన్ 476గా ప్రకటించింది 1922లో. అంటే 136 ఏళ్ళు! ఏ0 వైశాల్యం ఒక చదరపు మీటరు, నాలుగుసార్లు సగం చేస్తే ఏ4, 210 × 297 మి.మీ.

దీంతో లెక్కలు నోటితోనే వేసుకోవచ్చు. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) కాగితం ఏ4 ఒక్కోటి 5 గ్రాములు, 500 షీట్ల రీము రెండున్నర కిలోలు. 80 అని చెప్పి అమ్మిన రీము 2.2 కిలోలే తూగితే అది 70 కాగితం. ఏ3 ని ఏ4 కి దించాలంటే 71 శాతం, ఏ4 ని ఏ3 కి పెంచాలంటే 141. దస్తావేజులు ఉండే లీగల్ సైజు ఈ కుటుంబంలోది కాదు, దాన్ని ఏ4 లోకి తేవాలంటే 83 శాతం పెట్టండి, పక్కన మార్జిన్ మిగులుతుంది. ఇంటి ప్లాను, కుట్టుపని నమూనా లాంటివి ప్రింటు తీసేటప్పుడు 'ఫిట్' అన్న ఎంపిక తీసేసి 'యాక్చువల్ సైజ్' పెట్టాలి. ఫైలు అమెరికా లెటర్ సైజులో ఉంటే 'ఫిట్' దాన్ని 97 శాతానికి కుదిస్తుంది, 100 మి.మీ. గీత 97 అవుతుంది. కంటికి తెలియదు, స్కేలు పెడితేనే దొరుకుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. ఆస్పిరిన్: 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధంగా తయారు చేశాడంటారు, ఆ ఘనత తనదేనని సహోద్యోగి ఐకెన్‌గ్రూన్ తర్వాత రాశాడు. బిళ్ళల సీసా తీస్తే వెనిగరు వాసన వచ్చిందంటే తేమకి మందు విరిగి ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతోందన్నమాట, పారేయండి. వానాకాలం జ్వరాలకి దీన్ని సొంతంగా వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం ముదురుతుంది.

ఫ్లాస్కు: శూన్యం ఉన్న రెండు గోడల సీసా స్కాట్లండు శాస్త్రవేత్త డ్యూయర్‌ది, 1892 నాటిది. పేటెంటు తీసుకోలేదు. దానికి లోపల ఆధారాలు, బయట లోహపు తొడుగు పెట్టి ఇంట్లో వాడేలా చేసింది బెర్లిన్ గాజు పనివాడు రైన్‌హోల్డ్ బర్గర్, 1903లో. గాజు ఫ్లాస్కులో టీ పోసేముందు వేడినీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి, అప్పుడు ఫ్లాస్కు గోడ టీ వేడిని తాగేయదు. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. లోపలి గాజు అడుగున చిన్న మొన ఉంటుంది, గాలి లాగేసి మూసిన చోటు అది. తొడుగులోని రబ్బరు దిమ్మ పోయి ఆ మొన చిట్లితే శూన్యం పోయినట్టే. వేడి పోసిన పది నిమిషాలకి లోపలి గాజు సీసా బయటి గోడని తాకితే వెచ్చగా తగిలిందంటే ఇక బాగుచేయడం కుదరదు, రీఫిల్ కొనాలి. కొనేటప్పుడు లీటర్లతో పాటు మూతి వెడల్పు కూడా కొలిచి తీసుకెళ్ళండి.